ఎవరు తిప్పారు?

మా ఇంట్లో ఏ వస్తువు పాడయినా మొట్టమొదట పుట్టే ప్రశ్న ఒకటే: "ఎవరు చేశారు?" గ్లాసు పగిలినా అంతే, పాలు విరిగినా అంతే. పాలు విరగడానికి ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు, ఎండాకాలమైతే చాలు. అయినా అడుగుతాం. అడక్కపోతే ఇల్లాలి ధర్మంలో ఏదో లోటు చేసినట్టుంటుంది. మీ ఇంట్లో అలా కాదంటే మీరు అదృష్టవంతులు. నేను నమ్మననుకోండి, అది వేరే విషయం.

మొన్నామధ్య మా వాషింగ్ మిషన్ మొరాయించింది. కొన్నది 2006లో. రెండు తొట్ల రకం. ఒకదాన్లో ఉతకడం, రెండోదాన్లో పిండడం. నీళ్లు మనమే పట్టాలి, మీట మనమే తిప్పాలి, బట్టలు ఈ తొట్లోంచి ఆ తొట్లోకి మనమే మార్చాలి. మా అబ్బాయి దాన్ని 'పురావస్తు శాఖ' అంటాడు. అననీండి. మా సూళ్లూరుపేట గాలికి ఇనుము ఎక్కువ కాలం నిలవదు. పక్కనే పులికాట్ సరస్సు, దాని అవతల సముద్రం. కిటికీ ఊచలు కూడా రెండేళ్లకోసారి రంగు అడుగుతాయి. అలాంటి చోట ఇన్నేళ్లు ఉతికిందంటే దాని మీద నాకు కాస్త గౌరవమే.

ఇప్పుడొచ్చిన జబ్బు ఏమిటంటే, నీళ్లు నిలవడం లేదు. తొట్టి నింపి, సబ్బుపొడి వేసి, బట్టలు తెచ్చేలోగా సగం నీళ్లు జలదారి పాలు. ఉతకడానికీ నీళ్లు వదలడానికీ అటూ ఇటూ తిప్పే మీట ఒకటుంటుంది చూడండి, నా అనుమానం వెంటనే దాని మీదికి పోయింది. అక్కణ్నుంచి దాన్ని రోజూ తిప్పే చేతి మీదికి పోయింది.

"గట్టిగా తిప్పేశావా?" అన్నాను మా పనిమనిషితో.

"లేదమ్మా, ఎప్పుడూ తిప్పినట్టే తిప్పినా."

"మరెవరు తిప్పారు? నేనా, అయ్యగారా?"

ఆమె మాట్లాడలేదు. గిన్నెలు తోమడం అయ్యాక, వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగి, "పోనీ నా జీతంలో పట్టుకోండమ్మా" అంది.

"చూద్దాంలే" అన్నాను.

ఈ 'చూద్దాంలే' ఉందే, మధ్యతరగతి ఇళ్లలో ఇంతకన్నా సుఖమైన మాట లేదు. అవునని అన్నట్టూ కాదు, కాదని అన్నట్టూ కాదు. అన్నవాళ్లు ఆ క్షణమే మర్చిపోవచ్చు. విన్నవాళ్ల సంగతి తర్వాత చెబుతాను.

మెకానిక్‌కి ఫోన్ చేస్తే మిషన్ వయసు అడిగాడు. చెప్పాను. "పార్టులు దొరకవమ్మా, కొత్తది చూసుకోండి" అని పెట్టేశాడు. శ్రీవారు అప్పటికే పేపర్లో ప్రకటన చించి ఉంచారు. నేనే ఒప్పుకోలేదు. ఇందులో సిద్ధాంతం ఏమీ లేదు, ఏమాటకామాటే చెప్పుకోవాలి, పిసినారితనమే. రోగం ఏదో తెలియకుండా రోగిని సాగనంపడం నాకు నచ్చదన్నది ఆ తర్వాత అల్లుకున్న కారణం.

ఆదివారం మధ్యాహ్నం అందరూ నిద్రపోయాక కూర్చున్నాను. ముందు ప్లగ్గు పీకాను. (మీరు కూడా ముందు అదే చెయ్యండి. నీళ్లతో, కరెంటుతో ఒకేసారి పరిచయం వద్దు.) తర్వాత కాసేపు ఊరికే ఆలోచించాను. నీళ్లు పోతున్నాయంటే రెండే దారులు. తొట్టి ఎక్కడో చిల్లుపడి ఉండాలి, లేదా నీళ్లు వదిలే దారి పూర్తిగా మూసుకోకుండా ఉండాలి. తేల్చుకోవడం ఎలా? నీళ్లు పోయే గొట్టాన్ని పైకెత్తి, తొట్లో నీళ్ల మట్టానికి పైన తాడుతో కట్టాను. తొట్టి నింపాను. అరగంటయినా నీళ్లు కదల్లేదు. అంటే తొట్టి నిక్షేపంగా ఉంది, తలుపే మూసుకోవడం లేదు. తలుపంటే పెద్దదేం కాదు. ఒక రబ్బరు బిరడా, దాన్ని కిందికి నొక్కి ఉంచే స్ప్రింగు. మనం మీట తిప్పితే బిరడా పైకి లేస్తుంది, నీళ్లు పోతాయి. వెనక్కి తిప్పితే స్ప్రింగు దాన్ని మళ్లీ కూర్చోబెడుతుంది. ఇంత చిన్న ఏర్పాటు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మన కుళాయి కన్నా సులువు.

నీళ్లన్నీ వదిలేసి వెనక రేకు విప్పబోతే మరలు తుప్పుతో బిగుసుకుపోయాయి. తలా రెండు చుక్కలు కిరసనాయిలు వేసి, కాఫీ తాగి వచ్చాక కదిలాయి. అడుగున ఉన్న మూత విప్పాను. లోపలంతా సున్నం వేసినట్టు తెల్లటి పొర. మా బోరు నీళ్ల చలవ. నిమ్మ ఉప్పు కలిపిన వేడినీళ్లలో నానబెడితే చాలావరకు వదిలింది. స్ప్రింగు బాగానే ఉంది. రబ్బరు బాగానే ఉంది. ఆ రబ్బరుకీ అది కూర్చునే అంచుకీ మధ్య మాత్రం, దారప్పోగులు చుట్టుకుని, సన్నగా, అడ్డంగా, ఒక పిన్నీసు.

అది నాదే. తలకి పచ్చపూత ఉన్న పెద్ద రకం. వెంకటగిరి చీర పైట కుచ్చెళ్లు నిలవడానికి నేను తప్ప మా ఇంట్లో ఎవరూ వాడరు. మూడు వారాల కిందట పోయిందనుకున్నాను. బట్టలు వేసే ముందు జేబులు చూడమని ఇంట్లో అందరికీ రోజూ చెప్పేది నేనే. నా పైట నేను చూసుకోలేదు.

మా అమ్మ గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు బట్టలు కాళంగి ఏటికి పోయేవి. చాకలి మూట కట్టేటప్పుడు అమ్మ పద్దు రాసేది: పంచెలు రెండు, చీరలు నాలుగు, తువ్వాళ్లు మూడు. ఎవరి బట్ట ఎవరిదో తెలియడానికి నల్లజీడి రసంతో మూలన చిన్న గుర్తు ఉండేది. ఎన్ని ఉతుకులకీ పోని గుర్తది. ఒకసారి తువ్వాలు ఒకటి తగ్గింది. అమ్మ అరిచింది, చాకలామె దిక్కులు చూసింది, ఆ వారం గింజల్లో కోత పడింది. తువ్వాలు సంక్రాంతికి ట్రంకు పెట్టె జరిపినప్పుడు గోడవార దొరికింది. దాన్ని ఉతికి మడిచి బీరువాలో పెట్టుకున్నాం. గింజలు తిరిగి పంపిన గుర్తు నాకు లేదు.

మాది సూళ్లూరుపేట గనక రాకెట్టు మాట రాక తప్పదు. శ్రీహరికోట నుంచి ఏది ఎగిరినా మిద్దెలెక్కి చూసేవాళ్లం మేము. 1979 ఆగస్టు 10 పొద్దున మొట్టమొదటి ఎస్.ఎల్.వి–3 లేచింది. మొదటి దశ బాగానే మండింది. రెండో దశలో అదుపు తప్పి, అయిదు నిమిషాలు దాటగానే బంగాళాఖాతంలో పడింది. వెతగ్గా తేలింది ఏమిటంటే, రెండో దశను అదుపు చేసే అమరికలో ఒక కవాటం ఏదో మలినం అడ్డుపడి మూసుకోలేదు, దాంతో లోపలి ఆమ్లం ముందే కారిపోయింది. చదివినప్పుడల్లా ఊరికే తలూపేదాన్ని. ఇప్పుడు చేతిలో పిన్నీసు పట్టుకుని కూర్చుంటే బాగా అర్థమైంది.

ఆ పథకానికి డైరెక్టరు అబ్దుల్ కలాం గారు. ఆరోజు పత్రికలవాళ్ల ముందుకు వెళ్లింది మాత్రం సంస్థ అధ్యక్షుడు సతీష్ ధవన్ గారు. వైఫల్యాన్ని తన మీద వేసుకుని, తన బృందం మళ్లీ చేసి చూపిస్తుందన్నారు. 1980 జూలై 18న రోహిణి కక్ష్యలోకి చేరినప్పుడు, ఈసారి మీరు వెళ్లి మాట్లాడండని కలాం గారినే పంపారు. కలాం గారు ఈ సంగతి పదిమందికీ చెబుతుండేవారు. కారుతున్న సంగతి చివరి నిమిషాల్లో తెలిసీ చిన్నదనుకున్నది తానేనని సమీక్షలో తనే లేచి ఒప్పుకున్నట్టు కూడా రాసుకున్నారు.

ఎవరూ బాధ్యులు కాకపోతే ఇల్లు నడుస్తుందా అని మీరు అడగవచ్చు. మా వారూ అదే అడిగారు. నడవదు. కానీ అక్కడ చూడండి, ఇద్దరు పెద్దలు బరువును తమ తల మీదికి తీసుకున్నారు. మా వంటింట్లో నేను చేసింది దాన్ని కిందికి దొర్లించడం. ఇంట్లో అందరికన్నా ఎదురు చెప్పలేని మనిషి ఎవరో అక్కడికి వెళ్లి ఆగింది. 'ఏమైంది' అని అడిగితే మరలు విప్పాలి, కిరసనాయిలు కావాలి, ఆదివారం నిద్ర పోతుంది. 'ఎవరు' అని అడిగితే అరనిమిషంలో పని అయిపోతుంది, మిషన్ మాత్రం అలాగే ఉంటుంది.

అయితే నన్ను నిజంగా తొలిచింది ఇంకొకటి. ఆ పిన్నీసు ఆమెదే అయి ఉంటే? అయి ఉండవచ్చుగా. అప్పుడు నేనేం చేసేదాన్ని? "చూశావా, నేను అనలేదూ" అని దాన్ని ఎత్తి చూపేదాన్ని. జీతంలో వంద తగ్గించి, వంద వదిలేశానని మురిసిపోయేదాన్ని. సిగ్గు అన్నమాటే ఉండేది కాదు. అంటే ఇప్పుడు నాకు కలిగిన ఈ సిగ్గు ఆమెను అన్నందుకా, లేక నా లెక్క తప్పినందుకా? దీనికి నాకు సరయిన జవాబు దొరకలేదు. పిన్నీసు మాత్రం ఎవరి పైటలోంచయినా జారేదే. మూడు వారాల కిందట నేను ఏ తప్పూ చెయ్యలేదు, తొందరలో ఉన్నాను, అంతే. ఆమె అయినా అలాగే ఉండేది. నాకిచ్చుకున్న ఈ మాట ఆమెకు ఎందుకు ఇచ్చేదాన్ని కాదు?

ఆ రాత్రి పిన్నీసు కుంకుమ భరిణ పక్కన పెట్టాను. మర్నాడు ఆమె వచ్చింది, మిషన్ తిరగడం చూసి సంతోషించింది, నేనేమీ చెప్పలేదు. ఆ మర్నాడూ చెప్పలేదు. "మెకానిక్ వచ్చినాడా అమ్మా?" అని అడిగితే "ఆఁ, బాగయింది" అన్నాను. అబద్ధమూ కాదు, నిజమూ కాదు. చూద్దాంలే చెల్లెలు.

నాలుగో రోజు ఇక ఉండలేక పిన్నీసు తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. "ఇది లోపల ఇరుక్కుంది. నాదే. నిన్ను ఊరికే అన్నాను" అన్నాను. ఇంకా ఏదో అందామనుకున్నాను, గొంతు దాటలేదు.

ఆమె దాన్ని వెలుతురుకి పెట్టి చూసింది. సగం తుప్పు పట్టింది. "ఇంత పిన్నీసుకా అమ్మా, అంత మిషన్ను నిలేసింది!" అని నవ్వింది. కోపం లేదు. తర్వాత చీపురు చేతిలోకి తీసుకుని, నా వైపు చూడకుండా అడిగింది.

"అయితే ఈ నెల జీతంలో పట్టుకోరు గదమ్మా?"

పట్టుకోవాలని నేనెప్పుడూ అనుకోలేదు. పట్టుకోనని ఆ రోజు అనలేదు. గుమ్మం దాటాక నేను మర్చిపోయిన లెక్కని ఆమె అన్ని రోజులూ ఇంటికి మోసుకెళ్లి, మళ్లీ పొద్దున్నే మోసుకొచ్చింది.

"లేదు" అన్నాను.

ఆమె చీపురు తీసుకుని వసారా ఊడవడానికి వెళ్లింది.