రాకాసి గుళ్ళ పొరుగున

దుమ్ముగూడెం మండలంలో పర్ణశాలకు వెళ్ళిన యాత్రికుడికి వాగులోని రాతిమీది చారలు చూపించి, ఇవి సీతమ్మవారు చీర ఆరేసిన గుర్తులంటారు. గోదావరి దాటి పినపాక వైపు జానంపేటకు పోతే అక్కడా రాళ్ళే: వలయంగా నిలిపిన బండలు, నడుమ పలకలు చేర్చి కట్టిన గది, అందులో తొట్టిలా తొలిచిన రాయి, పైన పదిమంది పట్టినా కదలని మూత. వాటికి జనం పెట్టిన పేరు రాకాసి గుళ్ళు. రాయి వింతగా ఉంటే దేవతది, బరువుగా ఉంటే రాక్షసులది. ఎటు తిరిగీ మనిషిది మాత్రం కాదు.

ఇది పామరుల భ్రమ అని నవ్వబోయే చదువరిని కాస్త ఆగమంటాను. 1868లో ముల్హెరాన్ అనే సర్వే ఉద్యోగి కాటాపూర్, మల్లూరు అడవుల్లో ఇలాంటి సమాధుల పక్కనే శిలువ ఆకారపు రాళ్ళున్నాయని ప్రకటించాడు. 1872లో తన గ్రంథం అచ్చువేసిన ఫెర్గూసన్ అంతటి పండితుడు వాటిని క్రైస్తవ శిలువలుగానే లెక్కకట్టాడు. అడవిలో మనిషి ఇంత పని సొంతంగా చేసి ఉంటాడన్న ఊహ కోయపల్లె ముసలమ్మకు తట్టలేదు, లండన్ పండితుడికీ తట్టలేదు. ముసలమ్మ కనీసం రాక్షసుడి బలాన్నయినా ఒప్పుకుంది.

ఆ రాళ్ళు శిలువలు కావు, మనుషులు. తల, భుజాలు, మొండెం. కొన్నింటికి స్తనాలు చెక్కి ఉన్నాయి. ఇటీవల కిన్నెరసాని ప్రాంతంలో గలబ, దొంగతోగుల దగ్గర ఆచార్య కె. పి. రావు వెలుగులోకి తెచ్చిన సమాధుల వద్ద కూడా ఇలాంటి మానవ రూపాలే, స్త్రీలవీ పురుషులవీ, కనిపించాయి. రాజు లేడు, శాసనం లేదు, బిరుదావళి లేదు. అయినా చచ్చిపోయిన ఒక ఆడమనిషి కోసం ఊరంతా కలిసి బండ చీల్చి, దొర్లించి, ఎత్తి, రూపం చెక్కి నిలిపారు. మన కావ్యాలు పుట్టక మునుపటి మాట ఇది.

అయితే ఆ సమాజాన్ని స్వర్ణయుగంగా కీర్తించడానికి నేను సిద్ధంగా లేను. ఇనుము చేతికొచ్చిన కాలం అది. పోయినవారందరికీ అంతటి గోరీ కట్టగల సమాజం ఏదీ ఉండదు. ఎవరికి రాయి దక్కింది, ఎవరు ఊరకే మట్టిలో కలిశారు అన్న ప్రశ్న అక్కడే మొదలవుతుంది. మూత ఎత్తిన చేతులు ప్రేమతో ఎత్తాయా, భయంతో ఎత్తాయా? రాతిమీద ఆ లెక్క రాసిలేదు.

పాతరాళ్ళను చదవాలంటే బతికున్న ఆచారాలనూ చదవాలన్నది కోశాంబి 1956లో తన చరిత్ర గ్రంథంలో చూపిన మార్గం. ఇక్కడ అందుకు ఎక్కడికో పోనక్కరలేదు. దుమ్ముగూడెంలోనే కాపురమున్న మిషనరీ జాన్ కెయిన్ కోయల అంత్యక్రియలను గురించి పందొమ్మిదో శతాబ్దంలోనే రాశాడు. చనిపోయినవారి పేర రాయి నిలపడం కోయల ఆచారం. దీన్ని బట్టి కొందరు ఉత్సాహవంతులు, రాకాసి గుళ్ళు కట్టినవాళ్ళు కోయల తాతలేనని తేల్చేస్తారు. ఆచారం పోలినంత మాత్రాన రక్తం కలిసినట్టు కాదు. అంతకంటె ముఖ్యం, ఆ చుట్టరికం రుజువైతేనే కోయవాడికి ఈ అడవిమీద హక్కు వస్తుందనుకోవడం ప్రమాదం. రుజువు కాకపోతే హక్కు పోవాలా? మనిషి హక్కు అతడు దున్నిన పోడులో, పూడ్చిన బిడ్డలో ఉంది. మూడువేల ఏళ్ళ నాటి ఎముకలో కాదు.

ఇది వట్టి తర్కం కాదు. పోలవరం ప్రాజెక్టు ముంపు కింద లక్షకు పైగా కుటుంబాలను లెక్కతేల్చారు. అందులో సగానికి పైగా గిరిజనులు. 2014లో భద్రాచలం పరిసర మండలాలను ఆ పనికోసమే ఆంధ్రప్రదేశ్‌కు మార్చారు. ముంపు ప్రాంతమైన రుద్రమకోటలో పురావస్తు శాఖవారు పాత సమాధులు తవ్వారు. తవ్వకం తప్పని నేననను. నీళ్ళపాలు కాబోయేదాన్ని ముందుగా చదివి పెట్టుకోవడం శాస్త్రజ్ఞుడి ధర్మం. ప్రాచీనుల కుండపెంకుకు సంఖ్య వేసి, దూదిలో చుట్టి, ఏ పొరలో ఏ వైపు తిరిగి దొరికిందో పటం గీస్తారు. ఆ శ్రద్ధను చూసి ముచ్చట పడవలసిందే.

కాని పక్క పల్లెలో నిరుడు పోయిన తల్లికి కొడుకు నిలిపిన రాయి సంగతేమిటి? దానికి వయసు చాలదు. అది పురావస్తువు కాదు. నష్టపరిహారం పట్టికలో ఇల్లుంది, చెట్టుంది, భూమి ఉంది. కొత్త కాలనీలో కొత్త శ్మశానానికి చోటు చూపించవచ్చు. అక్కడ ఆ తల్లి ఉండదు. మూడువేల ఏళ్ళ కిందటి అజ్ఞాత స్త్రీకి మ్యూజియంలో గాజుపెట్టె దొరికిన నాడే, ఈమె నీటి అడుగుకు పోతుంది. ఆ కొడుకు వచ్చి, మా అమ్మ రాయినీ సంఖ్య వేసి తీసుకెళ్ళండి అని అడిగితే, తవ్వకం దగ్గర నోటుపుస్తకం పట్టుకు నిలబడ్డ మనం ఏ లెక్కలో రాసుకుంటాం?