పెద్దకూర పేరు

మా ఇంట్ల పెద్దకూర వండే రోజు ముందు కిటికీలు మూస్తాం. పొద్దుగూకి ఆఫీసు నుంచి వచ్చి, అరకిలో దున్న ఖీమా, నానబెట్టిన గుప్పెడు శనగపప్పు, అల్లం ఎల్లిగడ్డ, కారం కుక్కర్లో వేస్తాను. నాలుగు విజిల్స్ వచ్చినంక పుంటికూర కలిపి దగ్గరపడేదాకా ఉడకనిస్తాను. పిల్లలు పళ్లాలు పట్టుకొని పొయ్యికాడే నిలబడతారు.

ఊళ్లె మా అమ్మ ఏ తలుపూ మూయలేదు. మాదిగవాడంతా పోగులేసి పంచుకునేది. వాసన ఎవరింటిదని అడిగేటోళ్లెవరు?

ఇక్కడ ఓనరమ్మ అడిగితే "మటన్" అన్నాను. మొన్న బడిలో టిఫిన్ డబ్బా తెరిచి మా ఎనిమిదేండ్ల బిడ్డ కూడా "మటన్" అన్నదట. నేను నేర్పలేదు. నేను చెప్తుంటే విన్నది.

గొడ్డుమాంసం తినడం అంటరానితనానికి మూలాల్లో ఒకటని అంబేడ్కర్ 1948లో వచ్చిన 'ది అన్‌టచబుల్స్'లో వాదించారు. మన రాష్ట్రంలో 1977 నాటి చట్టం ఆవును కోయొద్దంటది. పనికిరాని దున్నను సర్టిఫికెట్ తీసుకొని కోయొచ్చు. అంటే నా కుక్కర్లో నేరమేమీ లేదు. అయినా దాచిన.

ఇల్లు పోకుండా ఆడిన అబద్ధాన్ని నేను తప్పనను. తలదాచుకునే చోటు కావాలె కదా. కానీ నాకు జాగ్రత్త అయింది నా బిడ్డ దగ్గరికి పోయేసరికి సిగ్గయింది. నేను తప్పు చేసింది అక్కడ.

నిన్న రాత్రి ముద్ద కలిపి పెడుతూ చెప్పిన: "ఇది పెద్దకూర బిడ్డా. మీ అమ్మమ్మ వండింది ఇదే."

కిటికీ తెరిచే ధైర్యం ఇంకా రాలేదు. పేరు చెప్పే ధైర్యం వచ్చింది.