నాలుగేళ్లవాని అబద్ధం పాపమా?



మొన్న ఒక తల్లి నాలుగేళ్ల కొడుకును నా వద్దకు తెచ్చింది. మరియతల్లి స్వరూపం పగులగొట్టి, పిల్లి పడేసిందన్నాడట. "వీడికి పాపభయం చెప్పండి ఫాదర్‌గారూ!" వాడి చెంపమీద వేళ్ల గుర్తులున్నాయి.

శ్రీసభ చట్టం ఏడేండ్లు నిండినవారికే వివేకమున్నదని ఎంచుతుంది. మరి పాపం ఎక్కడిది?

1983లో విమ్మర్, పెర్నర్ అనే శాస్త్రజ్ఞులు పిల్లలకు ఒక కథ చెప్పారు. బాలుడు లేనప్పుడు తల్లి చాక్లెట్టును వేరే అరలో పెట్టింది. వాడొచ్చి ఎక్కడ వెదుకుతాడు? మూడేళ్లవారు కొత్త అరనే చూపారు. నాలుగు దాటినవారిలో సగానికి పైగా పాత అరను చూపారు. నాకు తెలిసింది ఇతరులకు తెలియకపోవచ్చునన్న ఎరుక అది. నమ్మించే అబద్ధానికీ, ఎదుటివారి మనసు గ్రహించడానికీ అదే గుమ్మం. దెబ్బలు మొదటిదాన్నే పెంచుతాయి.

అలాగని వదిలేయమనను. "అమ్మ ఏం చేసింది?" అని వాణ్ణి అడిగాను.

"ఏడ్చింది" అన్నాడు. పిల్లి మాట మళ్లీ ఎత్తలేదు.