కొనుక్కోవడం, చేసుకోవడం, చేయించుకోవడం

ఇంగ్లీషులో ఈ ప్రశ్నకి రెండే కొసలు: బిల్డా, బయ్యా? డెస్క్‌టాప్ కంప్యూటర్ విడిభాగాలు తెచ్చి మనమే బిగించుకోవాలా, కంపెనీ బిగించి సీలేసిన డబ్బా తెచ్చుకోవాలా? ఇదే తెలుగులో అడగబోతే మూడోది వచ్చి మధ్యలో కూర్చుంటుంది. కొనుక్కోవడం, చేసుకోవడం, చేయించుకోవడం. మా భద్రాచలం లాంటి ఊళ్ళలో డెస్క్‌టాప్ ఉన్న ఇళ్ళలో చాలావాటికి అది వచ్చింది ఈ మూడో దారిలోనే. షాపుకెళ్ళి, మా దగ్గర ఇంతుంది అని చెప్పి, ‘అసెంబుల్డ్ సిస్టమ్’ చేయించుకుని ఆటోలో పెట్టుకుని తెచ్చుకోవడం. హైదరాబాద్ వాళ్ళకి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది కాబట్టి, సీటీసీకెళ్ళి చేయించుకుంటారు. మాకు ఒక షట్టరు, ఒక బల్ల, ఒక మనిషి.

ఆ ‘ఇంచు’ని మనం మాటల్లో తరచూ మింగేస్తాం. ‘మొన్నే ఇల్లు కట్టుకున్నాం’ అనేవాళ్ళలో ఇటుక ముట్టుకున్నవాళ్ళు ఎంతమంది? భద్రాచలం గుడి ఎవరు కట్టారంటే చిన్నపిల్లలు కూడా రామదాసు అంటారు. కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకి తహసీల్దారు. ఆయన కట్టించాడు. సర్కారుకి చేరాల్సిన డబ్బుతో కట్టించాడన్నదే ఆయన్ని గోల్కొండ చెరసాలకి పంపింది. రాయి చెక్కిన చేతుల పేర్లు ఆ కథలో లేవు. చెయ్యి ఎవరిది, డబ్బు ఎవరిది, రేపు జవాబు చెప్పాల్సింది ఎవరు అన్న మూడు లెక్కలూ ఆ ‘ఇంచు’లోనే ఉన్నాయి. కంప్యూటర్ విషయంలో నాకు తేలాల్సినవీ అవే.

సంగతేంటంటే, మా అక్క ఇంట్లోనే డీటీపీ పని చేస్తుంది. శుభలేఖలు, కరపత్రాలు, కుల ధృవీకరణ దరఖాస్తులు, శ్రీరామనవమి ముందు పందిళ్ళ ఫ్లెక్సీల మేటరు. ఆమె సిస్టమ్ 2016లో చేయించింది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న మద్దతు ఆపేసింది. ఇంకో ఏడాది పొడిగింపు దొరుకుతుంది గానీ, ఆ పాత ప్రాసెసర్ మీద విండోస్ 11 పెట్టడానికి కంపెనీ ఒప్పుకోదు. మిషను మాత్రం శుభ్రంగా పనిచేస్తూనే ఉంది. పనిచేసే వస్తువుని తేదీ చూసి పారేయడం అక్కకి మింగుడుపడలేదు. “పొయ్యి వెలుగుతుంటే పొయ్యి మార్చమంటాడేందిరా వీడు?” అంది. ఈ ప్రశ్న ఒక్కటీ విడిగా ఒక వ్యాసానికి సరిపోతుంది. ఇక్కడ దాటేస్తున్నా. ఆన్‌లైన్‌లో కస్టమర్ల ఆధార్లు, ఫొటోలు వచ్చే మిషన్ని రక్షణ లేకుండా నడపడం ఆమె ఒక్కదాని ఇష్టాయిష్టాల సంగతి కాదు కాబట్టి కొత్తది తప్పలేదు.

నేను బిగిస్తానని ముందుకొచ్చాను. బిగించడమంటే ఏంటో కొంచెం నిజం మాట్లాడుకుందాం. 1975 జనవరిలో ఆల్టెయిర్ 8800 కిట్ కొన్నవాళ్ళు ఒక్కో భాగాన్ని సోల్డరింగ్ చేసి అతికించారు. 1981లో ఐబీఎం తన పీసీని బయట దొరికే భాగాలతో తయారుచేసింది. ఆ నిర్ణయం వల్లే ఈరోజు ఎవడి ప్రాసెసరైనా ఇంకెవడి బోర్డు మీదో కూర్చుంటోంది. మిగిలింది మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఎస్ఎంపీఎస్, క్యాబినెట్, ఒక స్క్రూడ్రైవర్, చిటికెడు థర్మల్ పేస్టు, రెండు గంటలు. దీన్ని ‘నేనే తయారుచేశా’ అని చెప్పుకోవడంలో పప్పు వండినవాడు కందిచేను తనదే అన్నంత ధీమా ఉంది.

అయినా ఆ రెండు గంటల్లో దొరికేది ఒకటుంది: లోపల ఏముందో తెలియడం. చర్ల, దుమ్ముగూడెం వైపు కోయ గూడేల్లో పాత పద్ధతి ఇళ్ళు చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. గుంజలు పాతేటప్పుడు, కప్పు ఎత్తేటప్పుడు నలుగురూ వస్తారు. తడిక మీద మట్టి ఇంటివాళ్ళే మెత్తుతారు. గుంజ పుచ్చితే ఏ గుంజో వాళ్ళకి తెలుసు, ఆ ఒక్కటే మారుస్తారు. ‘కట్టుకున్నాం’ అన్న మాటకి పూర్తి అర్హత ఉన్నది వాళ్ళకే. మనవాళ్ళు మొత్తం డబ్బానే ‘సీపీయూ’ అనడం గమనించారా? చిప్పు పేరు పెట్టెకి పెట్టేశాం. మిళిందపన్హలో నాగసేనుడు రాజుని అడుగుతాడు: చక్రం రథమా, ఇరుసు రథమా, నొగ రథమా? ఆయన ప్రశ్న ఆత్మ గురించి. కానీ మెకానిక్కు మొదట అడగాల్సిన ప్రశ్నా అదే.

అక్క సిస్టమ్‌కి ఆ ప్రశ్న ఒకసారి నిజంగానే ఎదురైంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. ఇక్కడ మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. వరద తీశాక ఇంట్లో బురద, బురదలో క్యాబినెట్. షాపు అన్న దాన్ని విప్పి, కడిగి, ఎండబెట్టి, మూడు రోజులు కూర్చున్నాడు. బోర్డు పోయింది, ఎస్ఎంపీఎస్ పోయింది. ప్రాసెసరు, డిస్కు బతికాయి. పోయినవి మాత్రమే మార్చాడు. కొన్ని బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లలో బోర్డూ ఎస్ఎంపీఎసూ ఆ కంపెనీ సొంత కొలతలవి. బజార్లో దొరికేవి వాటిలో పట్టవు. అలాంటి మిషనైతే అక్క మొత్తం కొత్తది కొనాల్సొచ్చేది.

అక్కడే నా స్క్రూడ్రైవరు ఉత్సాహం కాస్త తగ్గింది. నేనుండేది మూడొందల కిలోమీటర్ల అవతల. నేను బిగిస్తే, పెళ్ళి సీజన్లో రాత్రి తొమ్మిదింటికి అది ఆగిపోతే అక్క ఎవర్ని పిలవాలి? తెలిసిన చెయ్యి నాది, తిప్పలు ఆమెవి. ఇక కంపెనీ డబ్బాకి ‘ఆన్‌సైట్ వారంటీ’ ఉంటుంది. పక్కింటాయన ఒక కంపెనీకి ఫోన్ చేస్తే ఖమ్మం నుంచి మనిషి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. మన సైటు ఎక్కడుందో వాళ్ళ మ్యాపు ఒప్పుకోవాలి కదా. కొత్తగూడెంలో ఉన్న స్టేషన్‌కి ‘భద్రాచలం రోడ్’ అని పేరు పెట్టిన దేశం మనది. నమ్మి దిగినవాళ్ళకి ఇంకో నలభై కిలోమీటర్లు ఉంటుంది.

అయితే చేయించుకోవడమే మంచిదని తేల్చేయొచ్చా? అక్కడా ఓ ముల్లుంది. షాపు అన్న కొటేషన్ కంపెనీ ధరకంటే తక్కువ. ఎందుకు తక్కువని ఒక్కో లైనూ చూశాను. భాగాల ధరలు ఆన్‌లైన్ కన్నా కొంచెం ఎక్కువే. ర్యామ్ ధరలైతే ఏఐ డేటా సెంటర్ల పుణ్యమా అని 2025 చివర్నుంచి ఎక్కడైనా మండుతూనే ఉన్నాయి. తగ్గింది ఎక్కడంటే విండోస్ దగ్గర. ‘అది మనం వేసేస్తాం’ అన్నాడు. అంటే లైసెన్సు లేనిది. రెండోది, కూలి దగ్గర. బిగించినందుకు, మూడేళ్ళు ఫోనెత్తినందుకు కాగితం మీద ఒక్క రూపాయి లేదు. చవక అనుకున్నది ఇద్దరికి ఎగ్గొట్టిన డబ్బు. ఒకరు అమెరికాలో ఉన్న కంపెనీ, ఇంకొకరు ఎదురుగా కూర్చున్న మనిషి.

ఈ ఇద్దర్నీ ఒకే తూకంలో వెయ్యమంటే నేను వెయ్యలేను. పెద్ద కంపెనీకి ఎగ్గొడితే ఏమవుతుందిలే అనే వాదన విన్నాను, నాకు పూర్తిగా నచ్చదు. చట్టం సంగతి అటుంచి, ఎవడో మార్చిన విండోస్‌లో ఏం దూర్చాడో అక్కకి తెలీదు, అన్నకీ తెలీదు. లోపల ఏముందో తెలియడం కోసమే కదా ఇంత గొడవ. కానీ నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది రెండోది. మనలో చాలామంది షాపులో గంట కూర్చుని, ఏ బోర్డుకి ఏ ర్యామ్ సరిపోతుందో అడిగి, కొటేషన్ ఫొటో తీసుకుని, ఇంటికొచ్చి భాగాలన్నీ ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడతాం. ఆ గంట ధర ఎవరిచ్చారు? ఆన్‌లైన్ ధర తక్కువగా ఉండడానికి అతను చెప్పిన ఉచిత సలహా కూడా ఒక కారణం. ఇలా ఇంకో పదేళ్ళు గడిస్తే ఆ షట్టరు మూతపడుతుంది. వరద మాత్రం మళ్ళీ వస్తుంది. 1986లో ఇంతకంటే పైకే వచ్చింది, 75 అడుగులు దాటి.

లైనక్స్ ఎందుకు వాడకూడదని మీరు అడుగుతారు. నేనూ అదే చెప్పాను. తెలుగులో దానికోసం పనిచేస్తున్న ‘స్వేచ్ఛ’ వాళ్ళ గురించీ చెప్పాను. అక్క ఓపిగ్గా విని, “ప్రెస్సోళ్ళు పేజ్‌మేకర్ ఫైలు, అను ఫాంట్లు అడుగుతున్నర్రా. నీ స్వేచ్ఛ వాళ్ళకి కూడా చెప్పిరా పో” అంది.

చివరికి మేం అన్నని అడిగింది ఇది: లైసెన్సున్న విండోస్ వెయ్యి, 18 శాతం జీఎస్టీతో బిల్లు ఇవ్వు, బిగింపు కూలి విడిగా రాయి. మొత్తం కంపెనీ డబ్బా కంటే మూడు వేలు ఎక్కువైంది. అక్క కాసేపు ఆలోచించి, “మూడేళ్ళు మూడు వేలు. నెలకి వంద కూడా కాదు. ఇయ్యి” అంది. కూలి లైను దగ్గర అన్న పెన్ను ఆపాడు. “ఎవరూ అడగలేదు మేడమ్, ఎంత రాయాలో తెలుస్తలేదు” అన్నాడు. ఎనిమిదొందలు అన్నాం. ఐదొందలు రాశాడు.

పాత సిస్టమ్‌ని అక్క పారేయలేదు. నెట్ తీసేసి మూలన పెట్టింది. పేజ్‌మేకర్ ఇంకా దాంట్లోనే నడుస్తోంది. 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత అడోబీ దాన్ని వదిలేసింది. దానికి లైసెన్సు కొందామన్నా అమ్మేవాడు లేడు. దాని సంగతేం చేద్దామని నేను అడగలేదు, అన్న కూడా అడగలేదు. ఈ వారం దాంట్లో మూడు శుభలేఖలు కంపోజ్ అయ్యాయి.