పక్కవాడి చదువు

మన కష్టంతో వచ్చిన విద్యని, రేపు మనతోనే పోటీ పడబోయేవాడికి నేర్పవలసిన బాధ్యత మనకుందా? వినడానికి వేదాంతంలా ఉంది గాని, ఇది డాక్టరీ పిల్లల తరగతిలో నిత్యం ఎదురయ్యే ప్రశ్నే.

మామూలు ట్యుటోరియల్ అంటే పదిమంది పిల్లలు, ఒక మేడమ్‌గారు. ఆవిడ అడుగుతారు, ముందు కూర్చున్న ఇద్దరు టకటకా చెప్పేస్తారు. మిగతా ఎనిమిదిమందీ తలలూపుతూ రాసుకుంటారు. పేరుకి చిన్న గుంపు, తంతు మాత్రం పెద్ద క్లాసుదే!

2019లో ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక మార్చినప్పుడు చిన్న గుంపుల చదువుకి పెద్దపీట వేశారు. ఆ గుంపుల్లోనే ఇంకో పద్ధతి ఉంది. మధుమేహం పాఠమనుకోండి. ఒకరికి ఇన్సులిన్, ఒకరికి మాత్రలు, ఒకరికి కాలిపుండ్లు, ఒకరికి గర్భిణులకి వచ్చే షుగరు. ఎవరి ముక్క వాళ్ళు చదివి, అదే ముక్క వచ్చిన వేరే గుంపులవాళ్ళతో చర్చించి, తిరిగొచ్చి తమవాళ్ళకి నేర్పాలి. ఆఖర్న పరీక్ష మాత్రం అందరికీ, అన్నిటిమీదా.

నిజానికిది పుట్టింది డాక్టర్ల కోసం కాదు. 1971లో అమెరికాలోని ఆస్టిన్ బళ్ళలో నల్ల, తెల్ల, మెక్సికన్ సంతతి పిల్లల్ని కొత్తగా ఒకే గదిలో కూర్చోబెడితే కొట్లాటలొచ్చాయి. ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పాఠాన్ని ముక్కలు చేసి తలా ఒకటీ పంచాడు. పక్కపిల్లాడు చెప్పేది వినకపోతే తనకే నష్టం. ఇక వెక్కిరించడం ఎలా కుదురుతుంది?

మెడిసిన్ చదివే మా చెల్లెలి కూతురు మాత్రం, "పీజీ సీటు ర్యాంకుని బట్టి కదా పెద్దమ్మా, వాడికి నేనెందుకు నేర్పాలి? పైగా ఆ మొద్దబ్బాయి సగం చదివొస్తే నా పాఠానికీ చిల్లే" అంది. కాదనలేం. మొదటి పద్ధతిలో పక్కవాడి బద్ధకం వాడి సొంత వ్యవహారం. ఇందులో అది మన నెత్తిన అప్పు. అందుకే మేడమ్‌గారు గదిలోంచి కదలకూడదంటాను నేను. నువ్వేశావనుకున్నానంటే నువ్వేశావనుకున్నానని తోటికోడళ్ళిద్దరూ పులుసులో ఉప్పు మరిచిపోతే సర్దుకుపోతాం. మందు మోతాదు అలాంటిది కాదు గదా!

అయినా నా ఓటు పంచుకునే చదువుకే. అర్ధరాత్రి క్యాజువాల్టీకి మోసుకొచ్చిన రోగి ర్యాంకు చూసి డాక్టర్ని ఎంచుకోడు. ఆ వేళ డ్యూటీలో ఎవరుంటే వాళ్ళే దేవుడు. తలూపి ఊరుకున్న ఆ ఎనిమిదిమందిలో ఒకరు కావచ్చు.

ఈ మాటే దానితో అన్నాను. కాసేపు పలకలేదు. తరవాత, ఆ అబ్బాయికి ఇన్సులిన్ రకాలు బొమ్మ గీసి చెబితే తప్ప తలకెక్కవని విసుక్కుంది.