మరచిన ధనము ఎవరిది?

గత దీపావళినాడు వీరనిర్వాణ పూజ ముగిసిన పిమ్మట, క్రొత్త లెక్కపుస్తకము తెరచుటకు ముందుగా, ఆనవాయితీ ప్రకారము పాత సంవత్సరపు జమాఖర్చులు సరిచూచుచుంటిని. గూళూరులో మా అంగడి చిన్నది. ఒకవైపు గుడ్డలు, మరియొకవైపు మా కుమారుడు నడుపు నీటిశుద్ధి యంత్రముల వ్యాపారము. లెక్క చూచుట ఒకపూట పని మాత్రమే. బ్యాంకు పట్టీలో నెలకొకమారు 399 రూపాయలు ఖర్చయినట్లు ఒక పద్దు కనబడినది. ఏ నెల చూచినను అదే అంకె. వెనుకకు పోగా పోగా పదునాలుగు నెలలు తేలినవి. మొత్తము 5,586 రూపాయలు. కొలతలో జానెడు గుడ్డ తేడా వచ్చిన నిద్రపట్టనివాడను. ఈ ధనము ఎవరికి పోయినదో, ఎందులకు పోయినదో ఎంత తలపోసినను జ్ఞప్తికి రాలేదు.

మా కుమారుడు చూచి, "ఇది మీ చేతిపట్టీ చందా కదా నాన్నగారూ!" అనెను.

అప్పుడు గుర్తునకు వచ్చినది. చక్కెరవ్యాధి ఆరంభదశలో నున్నదనియు, దినమునకు కొంత దూరము నడువవలెననియు వైద్యుడు చెప్పగా, బెంగుళూరులో ఉద్యోగము చేయు మా మేనల్లుడు ఒక ఫిట్‌నెస్ ట్రాకర్ తెచ్చి నా మణికట్టుకు కట్టెను. అడుగులు, గుండె కొట్టుకొను వేగము, నిద్ర మొదలగువానిని లెక్కించి ఫోనునకు పంపు పట్టీ యది. మొదటి మూడు మాసములు ఉచితమనిరి. ఉచితమునకు కార్డు నంబరు ఎందులకని నేనడుగగా, "అది ఊరికే మామయ్యా, అందరూ ఇస్తారు" అనెను. ఇచ్చితిని. తెల్లవారుజామున బాగేపల్లి బాటపై నడచుచు కొన్ని మాసములు వాడితిని. మన మునులును అడుగడుగు గమనించియే నడతురు గాని, ఈర్యాసమితిలో చూపు అడుగుల సంఖ్యపై నుండదు, అడుగుక్రింద పడబోవు ప్రాణిపై నుండును. నా చూపు మాత్రము సంఖ్యపైననే యుండెను. పదివేలు పూర్తికాని నాడు ఇంటిలోనే ఇటునటు తిరిగి పూర్తిచేసెడివాడను. అది వేరు సంగతి. ఉచితకాలము గడచిన నాలుగు నెలలకు పట్టీ తెగినది. బీరువా సొరుగులో పడవేసి, ఫోనులోని యాప్‌ను గూడ తీసివేసి, దానితో సంబంధము తీరినదనుకొంటిని. యాప్ తీసివేసినంత మాత్రమున చందా ఆగదని నేనప్పుడెరుగను.

మా పెదనాయనగారు ఎనుబది దాటినవారు. సంగతి విని, "పోనీరా నాయనా, ఐదువేలే కదా. ఏ జన్మలోనో వాళ్లకు బాకీ పడి ఉంటావు, తీరింది. గొడవపడి కషాయం పెంచుకోవడం దేనికి?" అనిరి. ఆ మాటను త్రోసివేయుటకు నాకు మనసొప్పలేదు. క్రోధము కషాయములలో మొదటిది. ఐదువేల రూపాయలకై దానిని పెంచుకొనుట నష్టపు బేరమే. అయినను ఆ రాత్రి ఆలోచింపగా, ప్రశ్న ధనమును గూర్చినది కాదని తోచినది. ఆ సంస్థవారు తీసికొన్నది నేనిచ్చినదా, ఇయ్యనిదా? ఇచ్చినదైనచో నాకు ఫిర్యాదు లేదు. ఇయ్యనిదైనచో దానికి మన శాస్త్రములలో వేరొక పేరు కలదు.

తత్త్వార్థసూత్రమున ఉమాస్వాతి ఆచార్యులు దొంగతనమునకు చెప్పిన లక్షణము మిక్కిలి చిన్నది. ఇయ్యబడనిదానిని తీసికొనుటయే దొంగతనము. కన్నము వేయుట, కత్తి చూపుట మొదలగునవి అందు లేవు. కావున 'ఇచ్చుట' అనగా నేమో ముందు తేల్చుకొనవలెను. నేనిచ్చితిననుటకు, ఇచ్చుచున్నానని నాకు తెలిసియుండవలెను. ఈయవలెనను ఇచ్ఛ యుండవలెను. వలదనుకొన్నచో మానుటకు దారి యుండవలెను. ఈ మూడింటిలో మూడవది మనము తరచుగా మరతుము. వెనుకకు తీసికొనుటకు వీలులేని చేయి ఇచ్చిన చేయి కాదు, పట్టుబడిన చేయి.

సమంతభద్రాచార్యుల రత్నకరండ శ్రావకాచారము నా పద్దునకు ఇంకను దగ్గరగా వచ్చినది. ఎచ్చటనో ఉంచబడినది గాని, పడిపోయినది గాని, బాగుగా మరువబడినది గాని, పరుల సొమ్మును వారు విడువనంతవరకు తాను తీసికొనకయు, మరియొకరికి ఈయకయు నుండుట గృహస్థుని అచౌర్యవ్రతమని ఆయన చెప్పెను. 'బాగుగా మరువబడినది' అను మాటను ఎన్నిమారులో చదివియుంటిని, ఈమారు ఆగిపోతిని. మరచుట నా తప్పే. ప్రమాదమును, అనగా ఏమరుపాటును, మన ఆచార్యులెన్నడును స్వల్పదోషముగా నెంచలేదు. కాని నా ఏమరుపాటు అవతలివాని చేతిని శుద్ధి చేయజాలదు. సంతలో నా సంచి జారిపడినచో నేను అజాగ్రత్తపరుడను. దానిని తీసి తన జేబులో వేసికొన్నవాడు మరియొకడు.

వర్తకుని పక్షమున చెప్పవలసినదియు గలదు, నేనును వర్తకుడనే గనుక. షరతులు మొదటనే వ్రాసియుంచితిమి, మీరు ఒప్పుకొని మీటనొక్కితిరి, వాడకపోయినది మీరు అని వారందురు. ఇందు న్యాయము లేకపోలేదు. గ్రంథాలయమునకు చందా కట్టి ఒక్క పుస్తకమైనను చదువనివాడు గ్రంథాలయాధికారిని దొంగ అనరాదు. భీమా కట్టి ఏ ఆపదయు రానివాడు తన సొమ్ము పోయినదని ఏడ్వరాదు. వాడకపోవుట ఒక్కటే నేరమునకు ఆధారము కాదు. మా వీథికి పాలుపోయువాడు నెలల తరబడి అడుగకయే పాలు పోయును, మేము నెలకొకమారు ఇత్తుము. అదియు చందాయే. కాని "రేపటినుంచి వద్దప్పా" అన్న ఒక్క మాటతో అది ఆగిపోవును. ఇంటికి తాళము వేసియుండగా పది నెలలు గడప ముందు పాలు పోసి లెక్క వ్రాసికొన్న పాలవానిని నేనింతవరకు చూడలేదు. ఈ సంస్థ చేసినది అదియే. నా ప్రతి అడుగును లెక్కించు యంత్రము వారిది. పది నెలలు ఒక్క అడుగైనను, ఒక్క గుండెచప్పుడైనను తమకు చేరలేదని వారికంటె బాగుగా ఎరిగినవారెవరు? నేను మరచితిని, వారు మరువలేదు.

ఆపివేయుటకు ప్రయత్నించిన నాడు మిగిలినదియు తెలిసినది. చేరుటకు ఒక మీట చాలినది. మానుటకు మూడు పుటలు దాటవలసివచ్చినది. ఎందులకు మానుచున్నారని ప్రశ్న. సగము ధరకు ఇత్తుమని ఆశ. 'ఆరోగ్యమును వదలుకొందును' అని వ్రాసియున్న బూడిదరంగు అక్షరములపై నొక్కిననే తప్ప ముందుకు పోనీయదు. ఇట్టి చిక్కులు మన దేశమునకే పరిమితములు కావు. అమెజాన్ సంస్థ తన ప్రైమ్ చందాను మానుకొను మార్గమునకు లోలోపల 'ఇలియడ్' అని పేరు పెట్టుకొన్నదని 2023లో దావా వేసిన అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ బయటపెట్టినది. ఇలియడ్ ట్రాయ్ నగరముపై జరిగిన సుదీర్ఘ యుద్ధమును గూర్చిన గ్రీకు కావ్యము! నాలుగు పుటలు, ఆరు మీటలు, పదునైదు దారులు దాటవలెనని ఆ ఫిర్యాదు. 2025 సెప్టెంబరులో ఆ సంస్థ తప్పు ఒప్పుకొనకయే 250 కోట్ల డాలర్లకు రాజీపడినది. అందు 150 కోట్లు చందాదారులకు తిరిగి ఈయవలసినది. చేతిపట్టీలు అమ్ము ఫిట్‌బిట్ సంస్థకు 2023 డిసెంబరులో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు ఒక కోటి పది లక్షల ఆస్ట్రేలియా డాలర్లు జరిమానా విధించినది. చెడిపోయిన పట్టీలను గూర్చి అడిగినవారికి, 45 దినములు దాటినచో సొమ్ము తిరిగిరాదని చెప్పి, చట్టమిచ్చిన హక్కును లేనట్లు పలికినందులకు ఆ శిక్ష. జర్మనీలో 2022 జూలైనుండి, ఇంటర్నెట్టులో చందా అమ్మువాడు మానుకొను మీటను గూడ స్పష్టముగా చూపవలెనని చట్టము.

మన దేశమున ఏమున్నదో మన వర్తక కుటుంబములలో తెలిసినవారు తక్కువ. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టము స్థానమున 2019 చట్టము వచ్చి, 2020 జూలైలో అమలునకు వచ్చినది. దాని క్రింద 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ పదుమూడు కపటపు పోకడలను పేరుపేరున నిషేధించినది. అందొకటి చందా ఉచ్చు. మానుటను అసాధ్యముగనో, సుదీర్ఘముగనో చేయుట, మానుకొను మీటను దాచుట, ఉచిత చందాకు సైతము కార్డు వివరములను బలవంతముగా అడుగుట, ఇవన్నియు దానిలోనివే. మానువానిని సిగ్గుపరచు మాటలు వ్రాయుట వేరొకటి. మన ఆచార్యులు అచౌర్యవ్రతమునకు చెప్పిన అతిచారములలో తప్పుడు తూనికలు కొలతలు, నకిలీ సరకు, రాజ్యనియమములను దాటుట కలవు. కొనువాని కన్ను పడకుండ మీటను బూడిదరంగులో దాచుట తప్పుడు రాయితో తూచుటకు భిన్నమని నేననుకొనను.

రిజర్వు బ్యాంకు నియమము మరియొకటి. 2021 అక్టోబరునుండి, ఇట్లు తమంతట తాము కోసికొను చెల్లింపులకు కనీసము ఇరువది నాలుగు గంటలు ముందుగా ఖాతాదారునకు వర్తమానము పంపవలెను. ఆ అనుమతిని ఖాతాదారుడు ఎప్పుడైనను ఉపసంహరించుకొనవచ్చును. 2022 జూనునుండి పదునైదువేల రూపాయల లోపు మొత్తములకు మాత్రము ప్రతిమారు ఓటీపీ అడుగనక్కరలేదని సడలించిరి. నా 399 రూపాయలు చప్పుడు లేక పోయిన దారి యదియే. వర్తమానములు రాకపోలేదు. మేనల్లుడు నా పేరిట తెరచిన ఈమెయిలునకు నెలనెలా వచ్చుచుండెనట. దానిని నేనొక్కమారైనను తెరచియెరుగను. ఇచ్చట తప్పు పూర్తిగా నాదే.

కావున పాఠకులు తమ ఫోనులో ప్లేస్టోరు గాని యాప్‌స్టోరు గాని తెరచి చందాల పట్టిక చూచుకొనవలెను. యూపీఐ యాప్‌లో ఆటోపే అను చోటను, బ్యాంకువారి యాప్‌లో కార్డు అనుమతుల చోటను చూడవలెను. సంస్థవారు వినకున్న జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకు 1915 నంబరుకు ఫోను చేయవచ్చును. అప్పటికిని తీరకున్న జిల్లా కమిషన్ కలదు. కొన్నవాడు తాను నివసించు జిల్లాలోనే దావా వేయవచ్చునని 2019 చట్టము చెప్పుచున్నది గనుక, సంస్థ ఏ దేశమున నున్నను మనము చిక్కబళ్లాపురము దాటనక్కరలేదు. ఐదు లక్షల లోపు వ్యవహారములకు రుసుము లేదు. వకీలును పెట్టుకొనుట తప్పనిసరి కాదు. రెండు సంవత్సరములలోపున వేయవలెను.

ఆ పట్టీ సేకరించిన నా గుండెచప్పుళ్ల, నిద్రల లెక్క ఎవరివద్దనో ఉన్నదను సంగతి సొమ్ముకంటె ఎక్కువగా నన్ను బాధించినది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టములో, అనుమతి ఇచ్చుట ఎంత సులభమో ఉపసంహరించుట అంత సులభముగా నుండవలెనను మాట గలదు. దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి. ఈ విషయమై సంస్థలకు పదునెనిమిది నెలల గడువీయబడినది.

నేను 1915కు ఫోను చేసి ఫిర్యాదు వ్రాయించితిని. పెదనాయనగారికి ముందుగా చెప్పియే చేసితిని. కోపము లేక అడుగవచ్చునా అని వారిని ప్రశ్నింపగా, కొంతసేపు ఊరకుండి, "అడగగలిగితే అడుగు" అనిరి. మొదటి నాలుగు నెలలు పట్టీ వాడుకొంటిని గనుక వాని సొమ్ము అడుగలేదు. మిగిలిన పది నెలలకు 3,990 రూపాయలు అడిగితిని. షరతులు చదువుకొనుడని సంస్థవారు మొదట జవాబిచ్చిరి. ఆరు వారముల తరువాత సొమ్ము వచ్చినది. కోపము రాలేదని మాత్రము చెప్పలేను, రెండుమార్లు వచ్చినది.

సొమ్ము వచ్చిన సాయంకాలము మా కుమారుడు అంగడి మూయుచు, "మనం చేసేది మాత్రం వేరేనా నాన్నగారూ?" అనెను.

మా ప్రాంతపు బోరునీటిలో ఫ్లోరైడు బెడద అందరెరిగినదే. నీటిశుద్ధి యంత్రము కొన్నవారితో సంవత్సరమునకు 1,800 రూపాయలకు మరమ్మతు ఒప్పందము చేసికొందుము. ఆటోపే ద్వారా అది యేటేటా తనంతట తాను కొనసాగును. అట్టివారు 41 మంది. మరునాడు ఇద్దరమును కూర్చుండి చూడగా, రెండేండ్లుగా ఒక్కమారైనను మమ్ము పిలువనివారు తొమ్మండుగురు తేలిరి. ఒక్కొక్కరికి ఫోను చేసితిమి. ఆరుగురు కొనసాగింపుమనిరి. ఇద్దరు యంత్రము ఎన్నడో పారవేసితిమనగా సొమ్ము తిరిగి పంపితిమి. తొమ్మిదవది ఒక ముసలమ్మ. హిందూపురములో కుమార్తె యింటికి పోయినదని ఇరుగుపొరుగువారు చెప్పిరి. ఫోను పనిచేయుట లేదు. మా మెకానిక్ పుస్తకము తీసి చూచితిని. ఆ యింటికి రెండుమార్లు పోయినట్లును, రెండుమార్లును తాళము వేసియుండినట్లును తేదీలతోసహా వ్రాసియున్నాడు.

ఒప్పందము ఆపివేసితిమి. ఆమెనుండి వచ్చిన 3,600 రూపాయలు లాభములో కలుపలేదు, దానధర్మములకును వాడలేదు. పరుల సొమ్మును ఇంకొకరికి ఈయరాదని సమంతభద్రాచార్యులు చెప్పియుండిరి గదా. క్రొత్త పుస్తకములో ఆమె పేరిట వేరుగా ఒక పద్దు వ్రాసియుంచితిని. హిందూపురము పోవు బంధువులెవరైన తెలిసిన చెప్పుడని వీథిలో అడిగియున్నాము.