చేతకాదని తెలియని వయసు

నీకంటే వేగంగా పరుగెత్తేవాళ్లు ఎవరని ఐదేళ్ల పిల్లవాణ్ణి అడగండి. ఎవరూ లేరంటాడు. బంతి చేతుల్లోంచి జారిపోయినా దాదాపు పట్టేశానంటాడు. అది గొప్పలు పోవడం కాదు, తన ఒంటి మీద వాడికున్న నమ్మకం. ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి పక్కవాడితో పోల్చుకోవడం తెలుస్తుంది. అప్పటికీ బంతి పట్టడం రాని పిల్లలు మెల్లగా మైదానం అంచుకు జరుగుతారు. పిల్లల కదలికలపై పరిశోధించే డేవిడ్ స్టాడెన్, ఆయన సహచరులు 2008లో చెప్పింది దాదాపు ఇదే: చేతనైనవాళ్లు ఇంకా ఆడతారు, ఆడేకొద్దీ మరింత చేతనవుతుంది. చేతకాదనుకున్నవాళ్లు తప్పుకుంటారు. ఆ తప్పుకోవడం పెద్దయ్యాకా సాగవచ్చు.

గెంతడం, విసరడం, పట్టుకోవడం ఎత్తు పెరిగినట్టు వాటంతటవే రావు. చేయగా చేయగా వస్తాయి. తొక్కుడుబిళ్ళలో ఒంటికాలి గెంతు ఉంది, గడిలో బిళ్ళ పడేసే గురి ఉంది, గీత తొక్కకుండా ఆగే నిలకడ ఉంది. కోచ్ మాత్రం లేడు. అవుటైనవాళ్లు తమ వంతు కోసం కాచుకునేవారు, అంతే.

ఎన్నో తెలుగు కుటుంబాలున్న ఆష్‌బర్న్‌లో (వర్జీనియా) అలాంటి ఆటకు కొరత స్థలానిది కాదు. పార్కులున్నాయి. 1968లో మూతపడ్డ రైలుమార్గం మీద ఆర్లింగ్టన్ నుంచి పర్సెల్‌విల్ దాకా వేసిన 45 మైళ్ల డబ్ల్యూ అండ్ ఓడీ ట్రైల్ ఊళ్లోంచే పోతుంది. కొరత ఖాళీ సాయంత్రానిది. బస్సు దిగి కారెక్కితే లెక్కల క్లాసు, ఆ తర్వాత ఈత, ఆ తర్వాత కూచిపూడి. క్లాసుల్ని తప్పుపట్టను. కాళ్లకు కూచిపూడిని మించిన చదువు నాకు తెలియదు. కానీ క్లాసన్నాక లెవెల్ ఉంటుంది, ముందువరస ఉంటుంది, అద్దం అవతల ఫోనెత్తి వీడియో తీసే నాన్న ఉంటాడు.

ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసే కదలిక కావాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఆ గంటను క్యాలెండర్లో ఇరికించడం మనకు సులువే. అందులో కాస్తయినా ఎవరూ చూడని తడబాటుకు వదిలేయడమే మన చేత కావడం లేదు.

మరి పెద్దయ్యాక, నలభైల్లో సైకిలు నేర్చుకోలేమా? నేర్చుకోవచ్చు. అడ్డు కీళ్లలో కన్నా సిగ్గులోనే ఎక్కువ. అందుకే పెద్దలకు నేను చెప్పేది ఒకటే పని: పిల్లల ముందు ఎడమచేత్తో బంతి విసరండి. అది ఎటో పోతుంది. వాళ్లు పడీపడీ నవ్వుతారు. కాసేపటికి, ఏ కాలు ముందుకు వేయాలో మీకే నేర్పడం మొదలుపెడతారు.